పైపు కొట్టింది పంపత్త కాదు

మా పాత ఫ్లాట్లు కూల్చిన రోజు అందరూ చూడటానికి వెళ్లారు. నేనూ వెళ్లాను. పసుపు రంగు యంత్రం మూడో అంతస్తు గోడను గీరుతుంటే మా వంటింటి పచ్చరంగు ఉన్నట్టుండి వీధిలోకి బయటపడింది. పక్కింటివాళ్ల నీలం, కిందింటివాళ్ల గులాబీ, ఎవరి స్నానాలగదిలోవో పగిలిన పలకలు. ఇన్నేళ్లూ తలుపులు వేసుకుని దాచుకున్నదంతా నడిబజారులో నిలబడింది. కొందరు ఏడ్చారు. ఏడుస్తూనే ఒకావిడ అంది: "అంతా ఆ పంపుదాని పుణ్యం." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

ఆ తలలూపినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వాళ్లలో చదివే అలవాటున్నవాళ్లు తక్కువ. చదివి వినిపించే పిల్లలు ఇంటికొకరున్నారు, చాలు.

పంపుది అని వాళ్లన్న మనిషిని మేం పిల్లలం పంపత్త అనేవాళ్లం. కింద, మెట్ల పక్కన ఉన్న పంపుగదే ఆమె ఇల్లు. సగం గదిలో మోటారు, మిగిలిన సగంలో మంచం, పొయ్యి, ఒక చెక్కపెట్టె. ఆ గదిలోంచి ఒక లావుపాటి ఇనుప పైపు బయల్దేరి, ప్రతి ఇంటి వంటగది మూలలోంచీ డాబా దాకా పోయేది. మా ఫ్లాట్లకు నీళ్లు ఏ వేళప్పుడు వస్తాయో వదిలేవాళ్లకే తెలియదు. వచ్చినా కాసేపే. అందుకని నీళ్లు వచ్చిన క్షణాన పంపత్త పెద్ద పానా తీసుకుని ఆ పైపును మోగించేది. ఆ మోత మెట్లెక్కి వచ్చేది కాదు, గోడల్లోంచి సూటిగా పళ్లలోకి వచ్చేది. అంతే, ఉన్నవాళ్లు ఉన్నట్టే కుళాయిల మీద పడేవాళ్లు. ఆలస్యమైతే ఆ రోజుకి గాలే.

గడ్డం సగం గీసుకున్నవాళ్లు సగం గడ్డంతోనే పరిగెత్తేవాళ్లు. మా ఎదురింటి లెక్కల మాస్టారు ఒకసారి ఇంట్లో ఖాళీ బకెట్టు లేక, ఒంటినిండా సబ్బుతో, తువ్వాలు చుట్టుకుని వరండా అంతా తిరిగి అరువడిగాడు. ఆనాటి నుంచి ఆయన సబ్బు మాస్టారు. మొదటి అంతస్తులో ఒక పెద్దాయన చనిపోయిన రోజున, అందరూ చుట్టూ కూర్చుని ఏడుస్తుండగా పైపు మోగింది. ఆయన పెళ్లాంతో సహా అంతా లేచి పరిగెత్తారు. పోయినాయన ఒక్కడే కదల్లేదు. తిరిగొచ్చి, చేతులు తుడుచుకుని, ఏడుపు ఆపిన చోటునుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఎవరూ తప్పుపట్టలేదు. పైపు మోగాక ఆగడమనేది మా ఒంట్లోనే లేదు.

పంపు చూసే ఉద్యోగం నిజానికి పంపత్త భర్తది. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన మంచానపడితే ఆమె పానా అందుకుంది. ఆయన పోయాక కిందపెట్టలేదు. సొసైటీ ఆమెను పనిలో పెట్టుకున్నదీ లేదు, తీసేసిందీ లేదు. ఆమె మాత్రం ఆ ఫ్లాట్లు తన మీదే నిలబడ్డాయన్నట్టు పనిచేసింది. నీళ్లు రాగానే కింది వాల్వులు బిగించి ముందు మూడో అంతస్తుకు వదిలేది. వాళ్లకు నిండాకే కిందివాళ్లకు. మెట్లెక్కి మోయలేనివాళ్లు పైన ఉన్నారని ఆమె లెక్క.

కింది అంతస్తులో ఉండే సెక్రటరీకి ఈ లెక్క నచ్చలేదు. కుళాయికి చాటుగా ఒక చిన్న మోటారు బిగించాడు. పంపత్త పానా పట్టుకుని నేరుగా వాళ్ల వంటింట్లోకి వెళ్లింది.

"ఏయ్, ఎవరింట్లోకొచ్చావో తెలుసా? నేను సెక్రటరీని."

"నాకు తెలుసు బాబూ. నీళ్లకే తెలియదు." మరలు విప్పుతూనే ఉంది. "పైన బాలింత ఉంది. దాని పిల్ల గుడ్డలు నువ్వు ఉతుకుతానంటే చెప్పు, బిగించి పోతాను."

వరండాల్లో నిలబడి చూస్తున్న వాళ్లంతా విరగబడి నవ్వారు. నవ్విన వాళ్లను ఆయన గుర్తుపెట్టుకోలేదు. నవ్వించిన మనిషిని గుర్తుపెట్టుకున్నాడు.

మా అమ్మ కుట్టుపనికి వెళ్లేది. నాన్న సిటీ బస్సు కండక్టరు. బడినుంచి వచ్చాక వాళ్లు చేరేదాకా నా మకాం పంపుగదిలోనే. సరుకులు చుట్టి వచ్చిన కాగితాలు, అట్టలు ఊడిన పుస్తకాలు ఏవి దొరికినా ఆమె మంచం మీద బోర్లా పడుకుని పైకి చదివేవాణ్ని. ఆమె మోటారుకు నూనె పోస్తూ వినేది. కథ అయ్యాక ఒక్కటే ప్రశ్న: "చివరికి వాడికి శిక్ష పడిందా?"

"లేదత్తా."

"మరి నాకెందుకు చదివావు, పనిలేక?"

అప్పుడే ఒక బిల్డరు వచ్చాడు. పాతవి కూల్చి ఎత్తైన మేడ కడతానని, అందరికీ అందులో ఇళ్లిస్తానని. సెక్రటరీ మర్నాటికల్లా ఆయన మనిషైపోయాడు. కానీ ఫ్లాట్లలో ఎక్కువమంది వద్దన్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. కట్టేదాకా ఎక్కడుంటాం, కట్టాక ఎంత ఇస్తారు అని అడిగితే సమాధానం లేదు. డాబా మీద మీటింగు పెట్టి చేతులెత్తించి తేలుద్దామన్నాడు సెక్రటరీ. పనిరోజు మధ్యాహ్నం పెట్టాడు, ఉద్యోగస్తులు రాలేకుండా. అయినా ఆడవాళ్లంతా డాబా ఎక్కారు.

మా అమ్మ కూడా పని మానుకుంది. ఇంట్లో నాయనమ్మ పక్షవాతంతో మంచం మీద ఉండేది. మాట కూడా పడిపోయింది. అమ్మ పంపత్తను పిలిచింది. "వదినా, మీటింగు అయ్యేదాకా అత్తయ్యను చూస్తావా? స్నానం కూడా చేయించాలి."

"నువ్వెళ్లు. చెయ్యి మాత్రం గట్టిగా ఎత్తు. వద్దనేవాళ్ల చేతులే కిందికి జారుతుంటాయి," అని పంపత్త మూడో అంతస్తుకు, మా ఇంటికి వచ్చింది.

డాబా మీద సెక్రటరీ మాట్లాడుతున్నాడు. ఇంతలో పైపు మోగింది.

ఇంకేముంది, ఆడవాళ్లంతా మెట్లమీద పడ్డారు. ఏ ఇంటికావిడ ఆ ఇంటికి. కుళాయిలు తిప్పితే బుస్సుమని గాలి. తిట్టుకుంటూ తిరిగి డాబా ఎక్కేసరికి, అక్కడ మిగిలిన సెక్రటరీ మనుషులు చేతులెత్తేశారు. ఫోటో కూడా తీయడం అయిపోయింది.

"ఇదేం అన్యాయం? మేం వచ్చాం కదా!"

"వచ్చారు. వెళ్లారు కూడా కదమ్మా," అన్నాడు సెక్రటరీ నవ్వుతూ.

నేను బడినుంచి వచ్చేసరికి పంపుగది ముందు ఫ్లాట్లన్నీ నిలబడి ఉన్నాయి. సాయంత్రం డ్యూటీ దిగొచ్చిన మగవాళ్లూ చేరారు. ఆ పానాను పంపత్త తప్ప ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. కాబట్టి కొట్టింది ఆమే. అక్కడితో వాళ్ల విచారణ అయిపోయింది. సెక్రటరీ గుంపు వెనకనుంచి మెల్లగా ఒక మాట వదిలాడు: "కొత్త బిల్డింగులో ఆవిడకి గది ఇస్తామన్నారట. నాకూ ఇప్పుడే తెలిసింది."

సబ్బు మాస్టారు అరిచాడు. "ఇంతకాలం మా తిండి తిని మా కొంపలే కూలుస్తావా, కుక్కా!" ఆయనెప్పుడూ ఎవరినీ నువ్వు అని కూడా అనెరగడు. రెండో అంతస్తు పిన్ని, ఆ బాలింత ఈవిడే, చంకలో పిల్లనెత్తుకుని అంది: "నీ మొగుడితోపాటు నువ్వూ పోవాల్సింది. పీడ వదిలేది."

పంపత్త చేతులింకా తడిగానే ఉన్నాయి. "నేను పంపుగదిలోనే లేను. కండక్టరు తమ్ముడి ఇంట్లో ముసలమ్మకు స్నానం చేయిస్తున్నాను. ఆ అమ్మాయినే అడగండి."

అందరూ అమ్మ వైపు తిరిగారు. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న ఖాకీ చొక్కాతో, టికెట్ల సంచి భుజానే ఉండగా, గోడకానుకుని నిలబడ్డాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ముందుకు జరగండి, ముందుకు జరగండి అని అరిచే మనిషి. తన బూట్లు చూసుకుంటున్నాడు.

"ఏమో," అంది అమ్మ. "నేను మీటింగులో ఉన్నాను. నాకేం తెలుసు?"

పంపత్త తడి చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికెళ్లింది. మర్నాడు పొద్దున నేను బడికెళ్లేటప్పుడు పంపుగది ఖాళీ. పెట్టె లేదు, మంచం లేదు. ఆ తర్వాత పైపు ఎవరెవరో కొట్టారు. ఎవరు కొట్టినా జనం పరిగెత్తారు.

వాళ్లకు నిజం అక్కర్లేదని ఇప్పుడు నాకు తెలుస్తోంది. సెక్రటరీతో గొడవపడితే కోర్టులు, కాగితాలు, భయం. పంపత్తతో గొడవపడితే ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఆమెను తిట్టి ఇంటికెళ్లి నిద్రపోయారు.

మేడ లేచింది. ఇళ్లు చీటీలు తీసి పంచారు. దాదాపు పాతవాళ్లందరికీ వెనకవైపు, పక్క బిల్డింగు గోడకు ఎదురుగా, పగలు కూడా లైటు వేసుకోవాల్సిన ఇళ్లు వచ్చాయి. మాకు మాత్రం రోడ్డువైపు, బాల్కనీతో. "అదృష్టం," అన్నాడు నాన్న. ఆ బాల్కనీలో ఆయన కుర్చీ వేసుకుని కూర్చుంటే కింద బస్సులు కనిపించేవి.

నేను చదువు మధ్యలో వదిలేసి బైండింగు షాపులో చేరాను. అచ్చయిన కాగితాలు మడతపెట్టి, కుట్టి, అట్ట వెయ్యడం నా పని. మడతపెడుతూ చదివేవాణ్ని. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ అలా వచ్చినవే. ఒకరోజు షాపుకు సెలవై ఇంట్లో ఉన్నాను. కింద గేటు దగ్గర గొడవ. బాల్కనీలోంచి చూస్తే పంపత్త. బాగా చిక్కిపోయింది. మెట్లు ఊడ్చే పనికి మనిషి కావాలని ఎవరో చెబితే వచ్చిందట, ఇది మా మేడేనని తెలియక. వాచ్‌మన్ పేరడుగుతుండగానే బాల్కనీల్లోంచి పాతవాళ్లు గుర్తుపట్టారు.

"దాన్ని లోపలికి రానియ్యకు! అసలే ఒకసారి కొంప కూల్చింది!"

"ఇక్కడా పైపులున్నాయి, జాగ్రత్త!" నవ్వులు.

పంపత్త తలెత్తి బాల్కనీలను ఒక్కొక్కటే చూసింది. వెళ్లిపోయింది. అమ్మ బాల్కనీ తలుపు మూసి, గడియ పెట్టి, నేలమీద కూలబడింది.

"ఆ పైపు కొట్టింది మీ నాన్న," అంది.

ఆ మధ్యాహ్నం పైపు మోగగానే అమ్మ డాబా దిగి మా ఇంటికి పరిగెత్తింది. లోపల పంపత్త నాయనమ్మ వీపుకు సబ్బు రాస్తోంది. అమ్మను చూసి అందట: "నేనిక్కడుంటే అక్కడ కొడుతున్నదెవరే?" అమ్మ వరండాలోకొచ్చి కిందికి చూసింది. డ్యూటీలో ఉండాల్సిన నాన్న పంపుగదిలోంచి బయటికొస్తున్నాడు, చేతిలో పానా. రోడ్డువైపు ఇల్లు ఇప్పిస్తానని సెక్రటరీ మాటిచ్చాడని ఆ తర్వాత తెలిసింది.

నేను పంపత్తను వెతికి పట్టుకున్నాను. రైల్వే స్టేషన్ వెనక ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతోంది. పెరట్లో తీగలనిండా తెల్ల దుప్పట్లు, చివర రేకుల గది. నేను ఆవేశంగా అంతా చెప్పాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

"మీ అమ్మ మొహం చూసి ఆ రోజే అనుకున్నాను."

"మరి అందరికీ ఎందుకు చెప్పలేదత్తా?"

"ఎవడు నమ్ముతాడురా? ఇప్పుడు నువ్వు చెప్పినా ఎవడు నమ్ముతాడు? ఆ రోజు నువ్వు బళ్లో ఉన్నావు. చూసినవాళ్లు చెప్పాలి. అదీ నలుగురిలో. తిట్టింది నలుగురిలోనే కదా."

ఇంటికొచ్చి నాన్నను నిలదీశాను.

"ఎవరికోసం చేశానురా? నువ్వు వెలుతురులో కూర్చుని చదువుకుంటావని కాదూ?"

"నేనడిగానా?"

"ఎలాగూ కూలే కొంపే కదా. ఇవాళ కాకపోతే రేపు కూలేది."

"కొంప కూలితే కూలింది. ఆమె మీద ఎందుకు కూల్చావు?"

ఆయన మళ్లీ బూట్లు చూసుకోబోయాడు. ఇంట్లో బూట్లు లేవు కాబట్టి వేళ్లు చూసుకున్నాడు.

అరవడం వల్ల లాభం లేదని తెలిసింది. వేరే దారి పట్టాను. రోజూ పని అయ్యాక లాడ్జికి వెళ్లేవాణ్ని. ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాక, అమ్మ వడ్డిస్తుంటే, వార్తలు చదివినట్టు చెప్పేవాణ్ని: "ఇవాళ అత్తకి బట్టల సోడాతో చేతులు పగిలాయి." "ఇవాళ లాడ్జి మేనేజరు దుప్పటి మీద మరక పోలేదని అత్తని నానా మాటలన్నాడు." "ఇవాళ వానకి రేకులగదిలోకి నీళ్లొచ్చాయి. పొడిగా ఉన్న మూలలో పెట్టె పెట్టి, దానిమీద కూర్చుంది." నాన్న కంచం ముందునుంచి లేచిపోయేవాడు. "తిననియ్యరా మనిషిని," అనేది అమ్మ. నేను మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. నాకు కరుణ నేర్పిన పుస్తకాలు చాలా చదివాను. ఆ కంచం ముందు ఒక్కటీ గుర్తుకురాలేదు.

ఒకరోజు చెప్పడానికి నోరు తెరవబోతే అమ్మే అంది: "చాలు. ఆదివారం సొసైటీ మీటింగు. నేనొస్తాను."

మేడ కింద హాల్లో మీటింగు. సెక్రటరీ ఇప్పుడు ప్రెసిడెంటు. మళ్లీ తననే ఎన్నుకోమంటూ, "మిమ్మల్ని ఆ పెచ్చులూడే కొంపల్లోంచి తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టింది నేనూ, ఆనాటి మీ చేతులూ," అని మొదలుపెట్టాడు. అమ్మ లేచింది. ఆమె మీటింగుల్లో మాట్లాడే మనిషి కాదు.

"ఆ రోజు పైపు కొట్టింది పంపు వదిన కాదు. ఆమె మా ఇంట్లో మా అత్తగారికి స్నానం చేయిస్తోంది. నేను చూశాను. కొట్టింది మా ఆయన. కొట్టమంది ఈయన. నాకేం తెలుసు అని ఆ రోజు అబద్ధం చెప్పాను."

హాల్లో తలలన్నీ నాన్న వైపు తిరిగాయి.

"ఇంటిగొడవలు ఇంట్లో చూసుకోవాలమ్మా," అన్నాడు సెక్రటరీ.

సబ్బు మాస్టారు ముసలివాడయ్యాడు. కర్రమీద లేచి నాన్న ముందుకొచ్చాడు. "నిజమేనా కండక్టరుగారూ?"

నాన్న తలెత్తలేదు. ఔననలేదు, కాదనలేదు. అందరికీ అర్థమైంది.

సెక్రటరీ కుర్చీ ఆ రోజే పోయింది. ఇప్పుడాయన లిఫ్టెక్కితే మిగతావాళ్లు దిగిపోతున్నారు. ఈ వాక్యం రాస్తుంటే నాకు హాయిగా ఉంది.

ఆ వారమే మేడలో సగంమంది కలిసి లాడ్జికి వచ్చారు. పళ్లు తెచ్చారు. మెట్లకింద గది ఖాళీ చేయించామని, వచ్చి ఉండమని చెప్పారు. అందరి తరఫునా ఒకాయన క్షమించమన్నాడు. పంపత్త దుప్పటి జాడించి తీగమీద వేసి, అప్పుడు తిరిగింది.

"తిట్టడానికి గుంపుగా వచ్చారు. దీనికీ గుంపుగానే వచ్చారా? కుదరదు. ఒక్కొక్కరే రండి. ఆ రోజు ఏ మాటన్నారో ఆ మాట మళ్లీ నా మొహం మీద అనండి. అని, అప్పుడు అడగండి."

"ఎప్పటి మాటో అక్కా, ఎవరికి గుర్తుంటుంది?"

"నాకుంది. మర్చిపోతే నేనందిస్తాను."

పళ్లు వెనక్కి పంపేసింది.

చాలామంది మళ్లీ రాలేదు. మొదట సబ్బు మాస్టారు వచ్చాడు. ఆ మాట నోట్లోనే గొణిగాడు.

"గట్టిగా, మాస్టారూ. ఆ రోజు మూడో అంతస్తు దాకా వినిపించింది."

ఆయన అన్నాడు. కుక్క అన్న మాటతో సహా. కర్ర మీద వాలిపోయి ఏడ్చాడు. "సరే, జాగ్రత్తగా వెళ్లండి. అక్కడ తడిగా ఉంది," అంది పంపత్త. క్షమించానని అనలేదు.

రెండో అంతస్తు పిన్ని వచ్చింది. ఆవిడ భర్త కిందటేడు పోయాడు. తన నోటితో ఆ మాట మళ్లీ అనడం ఆమెకు చేతకాలేదు. "వదిలెయ్ వదినా, నీకు దణ్ణం పెడతాను," అంది. పంపత్త ఇంకో దుప్పటి జాడించింది. తీగలమీద దుప్పట్లు కొట్టుకుంటున్నాయి. చివరికి ఆవిడ అంది, అక్షరం అక్షరం కూడబలుక్కుని. అని నోరు మూసుకుంది.

"ఇప్పుడు తెలిసిందా, ఎంత బరువో?" అంది పంపత్త.

నాకు జాలి వెయ్యలేదు. వేస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను.

అమ్మ వచ్చి, "ఏమో, నాకేం తెలుసు," అని ఆ రోజన్నట్టే అంది. పంపత్త ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ ఒక దుప్పటి మడతపెట్టారు, ఇంకోటి మడతపెట్టారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. అమ్మ ఇప్పుడు వారానికోసారి వెళుతోంది.

నాన్న చివరగా వచ్చాడు. డ్యూటీ బట్టలు కాకుండా ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తీగల మధ్యలోంచి వంగి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నేనొచ్చాను."

"కనిపిస్తూనే ఉన్నావు. ఆ రోజు నువ్వేమన్నావు తమ్ముడూ?"

ఆయన నోరు తెరిచాడు. తెరిచి ఉంచాడు.

"ఏమీ అనలేదు," అన్నాడు.

"అదే కదా. నువ్వేమీ అనలేదు. మరి నాతో ఏం పని?"

"పైపు కొట్టింది నేనే అక్కా."

"అది నీ పెళ్లాం చెప్పేసింది. ఇప్పుడది నీ దగ్గరున్న మాట కాదు." బకెట్టులోంచి తడి దుప్పటి తీసి, విదిలించి, తనకూ ఆయనకూ మధ్య తీగమీద వేసింది. ఆయనకు ఆమె కాళ్లు మాత్రం కనిపించి ఉంటాయి.

సెలవు దొరికినప్పుడల్లా వస్తాడు నాన్న. లాడ్జి ఎదురుగా టీ కొట్టు బల్లమీద కూర్చుంటాడు. అక్కడినుంచి పెరటి గేటు కనిపిస్తుంది. ఆయన టీ చల్లారిపోతుంది. మేడలో గదిలోకి పంపత్త వెళ్లలేదు, వెళ్లనంది. నువ్వొక మాట చెప్పరా, నీ మాట వింటుంది అని అమ్మ నన్ను బతిమాలుతోంది. నేను చెప్పను.

నిన్న మాత్రం అడిగాను. "ఎన్నాళ్లు కూర్చోబెడతావత్తా ఆయన్ని?"

ఆమె గేటు వైపు చూడను కూడా చూడలేదు.

"నేను కూర్చోమన్నానా? నాకేం తొందర లేదు," అంటూ తడి దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. "గట్టిగా పిండు."

పిండాను.